కొట్టంలో ఇరవై ఒక్కేళ్లు ఉన్న విమానం

 

పోయినసారి ఇదే సభలో మాట్లాడమంటే నూలు ధరల గురించి మొదలుపెట్టి మీ భోజనాల వేళ దాటించేశాం. ఆ సంగతి ఎవరూ మర్చిపోయినట్టు లేరు. అందుకే ఈసారి ముందే ఫోన్ చేసి, "నూలు సంగతి వద్దు గానీ, మీరు అమెరికాలో విమానానికి గుడ్డ కుట్టారట కదా, అది చెప్పండి" అన్నారు. కుట్టాం అనడం పెద్ద మాట. కుట్టినవాళ్లలో మేమూ మా ఇంటావిడా ఉన్నాం, అంతే. మేం చదివింది ఎనిమిదో తరగతి. ఇంజను గురించి చెప్పేదంతా అక్కడి మెకానిక్ చెప్పగా విన్నది. గుడ్డ గురించి చెప్పేది మాత్రం చేత్తో పట్టి చూసింది. అందులో మేం చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది దాచుకోం, చెబుతాం.

మా అబ్బాయి మిన్నెసోటా రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊళ్లో ఉంటాడు. వేసవిలో ఆర్నెల్లు ఉండొచ్చని మమ్మల్ని తీసుకెళ్లాడు. అక్కడ పగలంతా పనేం ఉంటుంది చెప్పండి. కొడుకూ కోడలూ ఆఫీసుకి పోతే మేమిద్దరం రోడ్డు వెంబడి నడవడం, మళ్లీ ఇంటికొచ్చి టీ తాగడం. ఆ నడకలోనే ఒక పెద్దాయన పరిచయమయ్యారు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మేం చేనేత వాళ్లమని మా అబ్బాయి చెప్పగానే ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "గుడ్డ తెలిసినవాళ్లా? అయితే మా నాన్న విమానం చూడాలి మీరు" అన్నారు.

విమానం అంటే మనం ఎక్కి వెళ్లేది అనుకోకండి. ఆ దేశంలో మనిషి తన కొట్టంలో సొంతంగా విమానం కట్టుకుని ఎగరొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. సగానికి మించిన పని కట్టుకునేవాళ్లే చెయ్యాలి. నేర్చుకోవడానికో సరదాకో కట్టాలి గానీ వ్యాపారానికి కాదు. ఇలా కట్టుకునేవాళ్లకి 1953 నుంచీ ఒక సంఘం కూడా ఉంది. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో ఓష్‌కోష్ అనే ఊళ్లో ఏటా జూలైలో వాళ్ల జాతర జరుగుతుంది. మన సమాఖ్య లాంటిదే, కాకపోతే వాళ్ల సభకి జనం విమానాల్లో వస్తారు.

ఈ పెద్దాయన నాన్నగారు కట్టిన విమానం నమూనా పేరు పీటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్. బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే ఆయన చెర్రీ గ్రోవ్ అనే చిన్న పల్లెలో ఉండేవాడు. మా అబ్బాయి ఊరి నుంచి కారులో గంట లోపే. కాలేజీలో విమానాల చదువు చదివినవాడు కాదు. సొంతంగా నేర్చుకున్న మెకానిక్. మామూలు మనుషులకి కూడా విమానం అందాలని ఆలోచించి, ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజను పెట్టి 1929లో ఎగరేశాడు. 1932లో దాని బొమ్మలూ కొలతలూ ఒక పత్రికవాళ్లు పుస్తకంగా అచ్చువేశారు. అప్పటినుంచీ ఇప్పటిదాకా జనం ఆ కొలతలు చూసి కట్టుకుంటూనే ఉన్నారు. ఒకరి వెనక ఒకరు ఇద్దరు కూర్చుంటారు. రెక్క తలల పైన గొడుగులాగ ఉంటుంది, ఈ చివర నుంచి ఆ చివరకి సుమారు 29 అడుగులు. ఒళ్లంతా కర్ర, పైన గుడ్డ.

మేం కొట్టంలోకి వెళ్లి చూసేసరికి దుమ్ము, సాలెగూళ్లు, గడ్డి కోసే పాత యంత్రం, వాటి వెనక ఈ విమానం. ఇరవై ఒక్క ఏళ్లుగా కదల్లేదు. నాన్నగారికి కళ్లు సరిగా కనబడక ఎగరడం మానేశారట. వచ్చే ఏడు చూద్దాం, ఆపై ఏడు చూద్దాం అనుకుంటూనే ఆయన పోయారు. ఇప్పుడు కొడుక్కి డెబ్బై దాటాయి. చనిపోయేలోపు ఒక్కసారి అది గాల్లో ఉండగా చూడాలని ఆయన కోరిక.

మా ఇంటావిడ అంది, "ఏమండీ, ఇది మగ్గంలాగే ఉంది కదూ." నిజమే. కర్ర చట్రం, తాళ్లు, కప్పీలు, కాలితో తొక్కే కర్ర, చేత్తో లాగే కర్ర. లోపల కూర్చునేది కూడా మన గుంట మగ్గంలో దిగినట్టే దిగి కూర్చోవాలి.

ఇప్పుడు మా తప్పు చెబుతాం. పెద్దాయన రెక్క గుడ్డ చూపించి, "ఇది మా అమ్మ కుట్టింది. కుట్టు మిషను మీద గలేబులాగ కుట్టి రెక్కకి తొడిగారు. నేను చిన్నవాణ్ణి, దీపం పట్టుకున్నాను. ఈ గుడ్డ ఉంచెయ్యాలని ఉంది. మీరు చూసి చెప్పండి" అని అడిగారు. మేం రెక్క కింద నిలబడి వేలితో మీటాం. డోలులాగ మోగింది. చేత్తో నొక్కాం, గట్టిగా ఉంది. ఒకచోట చిన్న చిరుగు దగ్గర పోగు తీసి నలిపి చూశాం. మంచి నూలు, మెర్సరైజు చేసిందే, సాంద్రంగా నేసిన గుడ్డ. నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న గర్వం ఒకటుంది కదా. "గుడ్డ బాగుంది, ఏం ఫరవాలేదు" అనేశాం. ఆయన ముఖం వెలిగిపోయింది. మా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

రెండు రోజులకి లైసెన్సున్న మెకానిక్ వచ్చాడు. వయసులో చిన్నవాడే. మేం చెప్పింది విని నవ్వలేదు, కాదనలేదు. నిచ్చెన వేసుకుని రెక్క పైకి ఎక్కాడు. "మీరు పైన చూశారా?" అని అడిగాడు. చూడలేదు. ఎండ పడేది పైన కదా!

ఇంత చిన్న సంగతి మనకి తట్టకపోవడమే సిగ్గు. ఎండలో ఆరేసిన చీర ఏ పక్క వెలుస్తుందో మనకి తెలీదా? విమానం కొట్టంలోకి రాకముందు కొన్నేళ్లు బయట గడ్డి మైదానంలో కట్టేసి ఉండేదట. నూలుని ఎండ తింటుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, కింద పోగు చచ్చిపోతుంది.

మెకానిక్ పరీక్ష పెట్టాడు. ఆ పరీక్ష మన సంఘాల్లో కూడా పెట్టుకోదగ్గది, అందుకని కొంచెం వివరంగా చెబుతాం. రెక్క పైభాగంలో బాగా ఎండ తగిలిన చోట, అంగుళంపావు వెడల్పు ముక్క కోశాడు. మీద ఉన్న పూత మందు పెట్టి కడిగేశాడు. తర్వాత రెండు పక్కలా అంచు పోగులు ఒక్కొక్కటీ లాగెయ్యాలి, సరిగ్గా అంగుళం వెడల్పు మిగిలేదాకా. కత్తెరతో కోస్తే అంచు పోగులు సగం తెగి ఉంటాయి, లెక్క తప్పుతుంది. ఆ పోగులు లాగే పని మా ఇంటావిడ చేసింది. అతను గంట పడుతుందనుకున్న పని పది నిమిషాల్లో చేసి ఇచ్చింది. ఆ ముక్కని పై నుంచి బిగించి కింద బకెట్టు కట్టి, ఇసుక కొద్దికొద్దిగా పోస్తూ పోయాడు.

విమానాలకి వాడే గ్రేడ్ ఏ నూలు గుడ్డకి అంగుళానికి పడుగులో 80 నుంచి 84 పోగులు, పేకలోనూ అంతే. కొత్తలో అంగుళం ముక్క 80 పౌండ్లు మొయ్యాలి, అంటే సుమారు 36 కిలోలు. వాడకంలో బలం తగ్గి 56కి వచ్చేదాకా ఉంచొచ్చు. ఇలాంటి తేలిక విమానానికి, మెల్లగా ఎగిరేదానికి, 46 దాకా ఒప్పుకోవచ్చు. మాది 38 దగ్గర తెగింది. చప్పుడు కూడా లేదు. పండిన ఆకు తెగినట్టు తెగింది. అదే రెక్క అడుగుభాగం నుంచి తీసిన ముక్క 60 దాటి మోసింది. అంటే మేం చేత్తో చూసిన చోట మా మాట నిజమే. చూడని చోట మనిషి ప్రాణం పోయేది.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ బకెట్టు వైపు చూస్తూ కూర్చున్నారు. మేం క్షమించమన్నాం. మా అబ్బాయి ఆ మాట ఇంగ్లీషులో చెప్పబోతే ఆయనే చెయ్యెత్తి ఆపి, "అమ్మ గుడ్డ మీద నేను ఎగరాలని అమ్మ ఎప్పుడూ అడగలేదు. విప్పేద్దాం" అన్నారు.

ఇక్కడ గుడ్డ గురించి ఒక మాట. మన నేతపనికీ విమానానికీ సంబంధం ఇప్పుడు పుట్టింది కాదు. 1903లో రైట్ సోదరులు ఎగరేసిన విమానం రెక్కలకి నూలు మస్లిన్ గుడ్డ వేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐర్లండు నార గుడ్డ వాడేవారు, అది చాలకపోతే అమెరికా వాళ్లు నూలు గుడ్డ తయారుచేసుకున్నారు. మన దేశంలో కూడా బెంగళూరు హెచ్.ఎ.ఎల్. వాళ్ల పుష్పక్, 1958లో మొదటిసారి ఎగిరింది, ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎందరో దాని మీదే నేర్చుకున్నారు. దాని రెక్కకీ గుడ్డే. గుడ్డ వేశాక డోప్ అనే పూత పూస్తారు. మనం పడుగుకి గంజి పెట్టినట్టు అనుకోండి. ఆరుతూ గుడ్డని లాగి బిగిస్తుంది. గాలి దూరకుండా, నీళ్లు దిగకుండా చేస్తుంది. దాని మీద అల్యూమినియం పొడి కలిపిన వెండి పూత వేస్తారు, ఎండ లోపలికి పోకుండా. వెండి పూత సరిపోయిందో లేదో చూడ్డానికి చీకట్లో రెక్క లోపల బల్బు పెడతారు. వెలుతురు బయటికి కనబడితే పూత చాల్లేదన్నమాట. ఈ విమానం రెక్క పైన వెండి పూత పలచగా పడింది. వాళ్ల నాన్నగారి దగ్గర ఆ రోజు డబ్బా అయిపోయిందో ఏమో, ఎవరికి తెలుసు.

గుడ్డ విప్పాక లోపల కర్ర బయటపడింది. రెక్క పక్కటెముకల మీద ఆయన నాన్నగారు పెన్సిలుతో వేసుకున్న అంకెలు అలాగే ఉన్నాయి. ఒక దాని మీద, "ఇది మళ్లీ చెయ్యాలి" అని రాసి, కొట్టేసి, "చేశాను" అని రాసుకున్నారు. మా సంఘం పాత జమా పుస్తకాల్లో మా మేనమామ ఇలాగే రాసేవాడు. ఎలకలు గూడు పెట్టిన చోట వాటి మూత్రం దిగి రెండు పక్కటెముకలూ రెక్క వెనక అంచు కర్రా నల్లబడి మెత్తబడ్డాయి. అవి కొత్తవి చేశారు. జిగురు మాత్రం గట్టిది వాడారు, ఊదా నలుపు గీతల్లాగ కనబడేది, ఒక్క అతుకూ వదల్లేదు. మెకానిక్ ప్రతి అతుకునీ చిన్న సుత్తితో తట్టి చప్పుడు విన్నాడు. రెక్క పొడవునా ఉండే పెద్ద దూలాలని దీపం అడ్డంగా పెట్టి వెతికాడు, కర్ర పీచుకి అడ్డంగా సన్నని గీత ఎక్కడైనా ఉందా అని. అలాంటి గీత ఉంటే దూలం ఎప్పుడో నొక్కుకుని విరగడం మొదలుపెట్టిందని గుర్తట. లేదు. ఆ రోజు అందరం కాఫీ తాగాం.

మనవాళ్లకి నచ్చే రెండు సంగతులున్నాయి. ఇనప తీగల తాళ్లతో తోకనీ రెక్క రెప్పల్నీ లాగుతారు. ఆ తాడులో తీగ ఒకటి తెగిందో లేదో కంటికి ఆనదు. అందుకని ఒక గుడ్డ ముక్క పట్టుకుని తాడు పొడవునా రుద్దుకుంటూ పోతారు. తెగిన తీగ ఉంటే గుడ్డకి పోగు తట్టుకుంటుంది. చేత్తో రుద్దితే చేతికే దిగుతుంది. తోక తాడు కప్పీ మీద తిరిగేచోట గుడ్డ పట్టుకుంది. ఆ తాడు మార్చేశారు. రెండోది, చక్రాల దగ్గర కుదుపు ఆపడానికి రబ్బరు తాడు చుట్టి ఉంటుంది. దాని పైన నూలు అల్లిక. ఆ అల్లికలో రంగు పోగులు కలుపుతారు. ఏ రంగు పోగు ఉందో చూస్తే ఏ సంవత్సరం, ఏ మూడు నెలల్లో తయారైందో తెలుస్తుంది. అక్షరం ముక్క లేకుండా పోగు మీద తేదీ రాయడం! అది చూసి మేం చాలా ముచ్చటపడ్డాం. తాడు మాత్రం ఎండిపోయి పగుళ్లిచ్చింది, పారేశారు.

ఇంజను గురించి తొందరగా చెప్పేస్తాం. కారు ఇంజను కాదు, కాంటినెంటల్ కంపెనీ 65 గుర్రాల ఇంజను. ఏళ్ల తరబడి నిలిచిన ఇంజనుని వెంటనే తిప్పకూడదట. స్పార్కు ప్లగ్గులు తీసి, నూనె పోసి, నానబెట్టి, సన్నని కెమెరా లోపలికి దించి చూశారు. ఒక సిలిండరు గోడకి తుప్పు పట్టింది, దాన్ని విప్పి బాగుచేయించారు. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు రెండూ వేరే షాపుకి పంపారు. రబ్బరు గొట్టాలన్నీ కొత్తవి. ట్యాంకులో మిగిలిపోయిన పెట్రోలు గోధుమరంగు జిగురైపోయి కార్బొరేటరులో సూదిని అతికించేసింది. మనవాళ్లెవరికైనా ఏళ్ల తరబడి మూలపడ్డ స్కూటరుంటే ఇది తెలిసిన కథే.

కాగితాల పని కూడా ఉంది, అది మా సొంత విషయం లాంటిది. ఆ దేశంలో విమానం నంబరు ఎన్ అక్షరంతో మొదలవుతుంది, మనకి వి.టి. అన్నట్టు. రిజిస్ట్రేషను చనిపోయిన నాన్నగారి పేరు మీదే ఉండి గడువు దాటిపోయింది. కట్టినాయనకి ఏటా తన విమానాన్ని తానే పరీక్ష చేసుకుని సంతకం పెట్టే అధికారం ఉంటుంది గానీ అది ఆయనతోనే పోతుంది, కొడుక్కి రాదు. కొడుక్కి అప్పుడు మెకానిక్ సంతకమే కావలసి వచ్చింది. ఎగరడానికి అర్హత పత్రం, షరతుల కాగితం, లాగు పుస్తకాలు, ఇవి పోగొట్టుకుంటే విమానం ఉన్నా లేనట్టే. వాళ్లమ్మగారు అన్నీ బిస్కట్ల డబ్బాలో పెట్టి ఉంచారు. పుణ్యాత్మురాలు. మన సంఘాల్లో సభ్యత్వ పుస్తకాలు చెదలకి వదిలేసి, తర్వాత పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు ఈ సభలో ఎంతమంది ఉన్నారో చెయ్యెత్తమంటే సగం చేతులు లేస్తాయి. మా చెయ్యి కూడా.

కొత్త గుడ్డ సంగతికొస్తే, పాత గ్రేడ్ ఏ నూలు గుడ్డ ఇప్పుడు దొరకడం కష్టం. ఇప్పుడంతా పాలియెస్టరే. చేనేత సంఘం సెక్రటరీ అయ్యుండి చేతులారా పాలియెస్టరు పరిచామని మా ఊళ్లో తెలిస్తే జరిమానా వేస్తారు. కానీ ఏం చేస్తాం, ఆకాశంలో పనికొచ్చేది అదే అన్నాడు. ముందు గుడ్డని కొంచెం వదులుగా చట్రానికి అతికిస్తారు. తర్వాత ఇస్త్రీ పెట్టెతో రుద్దితే అది ముడుచుకుని బిగుస్తుంది. ఒకేసారి కాదు. మొదట 250 డిగ్రీల ఫారన్‌హీట్, తర్వాత 300, చివరికి 350. అది దాటితే గుడ్డ బిగువు చచ్చిపోతుంది, మళ్లీ రాదు. ఇస్త్రీ పెట్టె మీద అంకెని నమ్మకుండా థర్మామీటరు ఆనించి చూసి మరీ గుర్తు పెట్టుకున్నారు. ఒక్కచోటే రుద్దితే ఒక పక్కకి లాగి సన్నని పక్కటెముకలు వంకరపోతాయి. పడుగు బిగువు ఒక పక్క ఎక్కువైతే గుడ్డ ఎలా వంకర పోతుందో మనకి ఒకరు చెప్పాలా. అందుకని ఇస్త్రీ పని మాకే అప్పజెప్పారు. చెప్పొద్దూ, ఆ పొరపాటు తర్వాత మళ్లీ పని ఇచ్చినందుకు మేం లోపల పొంగిపోయాం.

ఆ తర్వాత కుట్టు. ఎగిరేటప్పుడు రెక్క పైన గాలి గుడ్డని పైకి పీలుస్తుంది. అతికించింది ఒక్కటే చాలదు. అందుకని ప్రతి పక్కటెముకకీ పై గుడ్డనీ కింద గుడ్డనీ కలిపి మైనం తాడుతో కుట్టి ముడి వెయ్యాలి. రెక్కని అంచు మీద గోడలాగ నిలబెట్టారు. ఈ పక్క మేం, ఆ పక్క మా ఇంటావిడ. మూరెడు సూది. మేం గుచ్చి పంపితే ఆమె అందుకుని పక్కటెముక అవతల నుంచి తిరిగి పంపుతుంది. నాడె అటూ ఇటూ పోయినట్టే. మధ్యలో గుడ్డ, మనిషికి మనిషి కనబడరు. "కుడికి", "ఇంకొంచెం కిందకి" అంటూ మాటతోనే నడిపించుకోవాలి. ముడికీ ముడికీ రెండున్నర అంగుళాలు. ఒక్కో పక్కటెముకకి ఇరవై పైచిలుకు ముళ్లు. ముడి వెయ్యడం పెద్దాయనే నేర్పారు, చేపల వల వేసేవాళ్ల ముడి అది. మొదటి రోజు మేం వేసినవి మెకానిక్ పదకొండు కోసేశాడు, వదులని. రెండో రోజు రెండు. మూడో రోజు నుంచి కొయ్యలేదు. పెళ్లయిన నలభై ఏళ్లలో మేమిద్దరం అంత తక్కువ పోట్లాడుకుని చేసిన పని ఇంకోటి లేదు.

రెక్కలు ముగిసేసరికి మా ఆర్నెల్లూ అయిపోయాయి. వెండి పూత, రంగు, ఇంజను, బరువు తూచడం, అవన్నీ వాళ్లు చేసుకున్నారు. బరువు అంటే మొత్తం ఎంతో తెలిస్తే చాలదు. మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి, ముందు ఎంత, వెనక ఎంత అని లెక్క కట్టి, బరువు మధ్యన ఎక్కడ నిలుస్తుందో తేల్చుకోవాలి. పాత లెక్క ఉన్నా మళ్లీ తూచారు. కొత్త గుడ్డ, కొత్త పూత కదా.

ఊరికి వచ్చాక మాకు మనసు ఊరుకోలేదు. మా సంఘం గిడ్డంగిలో 14 ఫ్రేము మగ్గాలు పదేళ్లుగా పడి ఉన్నాయి. వంటచెరుకు కింద అమ్మేద్దామని కమిటీ తీర్మానం రాసి పెట్టింది, మేమే సంతకం పెట్టాం. పాత కర్ర, ఏముందిలే అని. చూడకుండా బాగుందనడం ఎంత తప్పో, చూడకుండా పోయిందనడం కూడా అంతే కదా అనిపించి ఆ తీర్మానం ఆపించాం. నలుగురం కూర్చుని ఒక్కొక్క మగ్గం విప్పి, ప్రతి అతుకూ సుత్తితో తట్టి, తాళ్లు గుడ్డతో రుద్ది చూశాం. మావాళ్లు నవ్వారు, నవ్వనీ. అయిదింటిని చెదలు తినేసింది. వాటిని అమ్మేశాం. తొమ్మిది బాగుపడ్డాయి. అందులో ఆరు నడుస్తున్నాయి. మిగతా మూడింటికి మగ్గం ఉంది, నూలు ఉంది, కూర్చునే మనిషి లేడు. దానికి ఏ మెకానిక్కూ మందు చెప్పలేదు.

తర్వాత ఏడు జూన్‌లో విమానాన్ని గడ్డి మైదానానికి తీసుకెళ్లారు. దానికి సెల్ఫు లేదు. చక్రాలకి అడ్డు పెట్టి, తోక కట్టేసి, ముందున్న పంకాని చేత్తో తిప్పి స్టార్టు చెయ్యాలి. తెలియనివాడు చేస్తే చెయ్యి పోతుంది, తల కూడా పోతుంది. పెద్దాయన తానే మొదట ఎగరాలని పట్టుబట్టారు. మెకానిక్ ఒప్పుకోలేదు. ఇలాంటి విమానం చాలా ఏళ్లుగా నడుపుతున్న స్నేహితుడొకాయన ఉన్నారు, ముందు ఆయనే, అదీ ఒక్కరే అన్నాడు. పెద్దాయన రెండు రోజులు అలిగారట. మూడో రోజు సరే అన్నారు.

మొదట నేల మీద పరిగెత్తించి చూశారు. మూడోసారి పరుగులో ఇంజను బలం తగ్గి ఆగిపోయింది. ఎందుకో తెలుసా? పెట్రోలు ట్యాంకుకి గాలి వెళ్లే సన్నని గొట్టంలో కందిరీగ మట్టి గూడు కట్టింది. చలికాలం ముందు అంతా చూసి శుభ్రంచేసిన గొట్టమే. వసంతంలో కందిరీగ వచ్చి దాని పని అది చేసుకుపోయింది. గాల్లో ఉండగా ఆగి ఉంటే? పీటెన్‌పోల్ ఇంజను ఆగితే ఎక్కువ దూరం జారదు, గబగబా కిందకి దిగిపోతుందట. ఆ రోజుకి ఆపేసి, మళ్లీ మొదటినుంచీ అన్నీ చూసుకున్నారు. అన్ని గొట్టాలకీ ఎర్ర గుడ్డ పీలికలు కట్టిన మూతలు చేశారు, తియ్యడం మర్చిపోకుండా.

వారం తర్వాత, మనకి సాయంత్రం ఆరున్నర, వాళ్లకి ఉదయం ఎనిమిది, గాలి లేని వేళ. మా అబ్బాయి ఫోన్లో వీడియో కాల్ పెట్టాడు. మేం సంఘం ఆఫీసులో ఉన్నాం. మగ్గాలు దిగి ఎనిమిది మంది చుట్టూ చేరారు. గడ్డిలో అది ఎగుడుదిగుడుగా పరిగెత్తింది, తోక లేచింది, తర్వాత చక్రాల కింద వెలుతురు కనబడింది. అంతే, పైకి పోయింది. పెద్ద ఎత్తు కాదు. మైదానం చుట్టూ తిరుగుతూ ఉంది. మాతో సంఘంలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న ఒకాయన, నేతలో ఆయన్ని మించినవాడు మా వీధిలో లేడు, ఫోను దగ్గరికి వంగి, "బావా, కుట్టు ఆగిందా?" అని అడిగాడు. ఆగింది అన్నాం. "దిగాక మళ్లీ చూడమను" అన్నాడు. దిగాక చూశారు. ఒక్క ముడీ కదల్లేదు. ఆ తర్వాత నెలకి పెద్దాయన పక్కన మాస్టరుని పెట్టుకుని కొన్నాళ్లు మళ్లీ నేర్చుకుని, తానూ ఎగిరారు. ఆ వీడియోలో ఆయన ముఖం సరిగా కనబడదు, తోలు టోపీ, కళ్లద్దాలు. దిగాక మాత్రం చాలాసేపు లోపలే కూర్చుండిపోయారు.

ఆయన మాకు పంపినది ఒకటి తెచ్చాం. పాత రెక్క వెనక అంచు నుంచి కోసిన జానెడు ముక్క. వాళ్లమ్మగారు చేత్తో వేసిన కుట్టు ఉంది దాని మీద. గుడ్డ చచ్చింది గానీ మైనం తాడు కుట్టు ఒక్కటీ ఊడలేదు చూడండి. ముందు వరుస వాళ్లు చూసి వెనక్కి అందించండి. సేలం వాళ్లు, మీ ఆడవాళ్లకి కూడా చూపించండి, కుట్టు వాళ్లకి తెలుస్తుంది. తాకొచ్చు, నలపొచ్చు. లాగకండి మాత్రం, చిరిగిపోతుంది.